సోఫా మీద సబ్‌వూఫర్

మెట్రో మియాపూర్ దాకా వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో, హైటెక్ సిటీలోని ఒక ఆడియో షోరూమ్ నన్ను మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌కు ఇన్‌స్టాలర్‌గా పంపింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తూ, స్పీకర్ల లెక్కలు సొంతంగా నేర్చుకుని ఈ పనిలో చేరాను. ఆరు నెలల ప్రొబేషన్ ఆ వారంతో అయిపోతుంది. ఒక సిస్టమ్‌ను ఒంటరిగా బిగించి, అప్పగింత పత్రం మీద కస్టమర్ సంతకం తెస్తేనే ఉద్యోగం ఖాయం.

ఇంటావిడ పద్మజ గారు, గుంటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఐదు స్పీకర్లు, బేస్ అనే లోతైన డోలు శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్ డబ్బా. స్పీకర్‌కు రెండు తీగలు: ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక్కచోట తారుమారైనా బేస్ పలచబడుతుంది. అందుకే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ క్షణం తాకించి, ప్రతి స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి కోనూ ముందుకే వస్తోందని చూశాను. ఎనభై హెర్ట్జ్‌కు కింది శబ్దమంతా సబ్‌వూఫర్‌కు వెళ్లేలా యాంప్లిఫయర్‌లో అమర్చాను. గది కొలిచి, కాగితం మీద లెక్క వేసి, సబ్‌వూఫర్‌ను టీవీకి ఎడమవైపు పెట్టాను.

పాట మొదలయ్యాక పద్మజ గారు సోఫాలోంచి లేచి వంటింట్లోకి వెళ్లొచ్చారు. "అక్కడ గరిటెలు గంతులేస్తున్నాయండీ. ఇక్కడేమో డోలు వాయించేవాడు సెలవు పెట్టినట్టుంది" అన్నారు.

తీగలు మూడుసార్లు చూశాను. తప్పు లేదు. తప్పు దొరకకపోవడంతోనే నాకు చెమట పట్టింది.

మా షోరూమ్‌లో సీనియర్ యాదగిరి అన్నకు ఫోన్ చేస్తే వచ్చి నా కాగితం చూశాడు. "లెక్క మంచిగనే ఉన్నది. గోడలకు చెప్పినవా మరి?" అన్నాడు. గోడకు తగిలి తిరిగొచ్చే బేస్ కొన్నిచోట్ల డబ్బా నుంచి నేరుగా వచ్చే బేస్‌ను రద్దు చేస్తుంది. సోఫా అలాంటి చోటే ఉంది. ఆయన సబ్‌వూఫర్‌ను ఎత్తి సోఫా మీద కూర్చోబెట్టాడు. "ఇగ మోకాళ్ల మీద గోడ పొంటి పో. యాడ నిండుగ వినవడితే గాడనే దాని జాగ." సోఫా మీద మోగే డబ్బా ఏ చోట బాగా వినిపిస్తే, ఆ చోట పెట్టిన డబ్బా సోఫాలో అంత బాగా వినిపిస్తుంది.

పద్మజ గారు చూస్తుండగా పాకాను. ఒక మూలలో శబ్దం పొట్టకు తగిలింది. ఇక్కడే అన్నాను.

"అది ఈశాన్యమండీ. ఇరవై కిలోల బరువు పెట్టనివ్వను."

యాదగిరి అన్న నవ్వలేదు. "మల్ల పాకు" అన్నాడు.

రెండో చుట్టులో కిటికీ కింద ఇంకో చోటు దొరికింది. సబ్‌వూఫర్ అక్కడికి మార్చాక ఆవిడ పాట చివరిదాకా విని, సంతకం పెట్టారు.

ఆ పత్రంలో 'సహాయం చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు పడితే అది ఒంటరిగా చేసిన పని కింద రాదు. యాదగిరి అన్న దాన్ని ఖాళీగా వదిలేశాడు. "పాకింది నువ్వే గదా" అన్నాడు.

లెక్క వేసి ఊరుకోకూడదని, వినేవాళ్లు కూర్చునే చోటు నుంచి పరీక్షించాలని అక్కడ నేర్చుకున్నాను. ఉద్యోగం మానేదాకా నా సంచిలో టేపు పక్కన, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పాత తువ్వాలు ఉండేది. కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేస్తే దాన్ని పట్టుకెళ్లి వాళ్లకిచ్చేవాణ్ని. గడి ఖాళీగా వదిలేవాణ్ని.