అడ్రసు నిలవని ఇన్వర్టర్

"సార్ ఉన్నారా మేడం? ఒకసారి ఫోన్ సార్‌కి ఇస్తారా?"

సోలార్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఎప్పుడు ఫోన్ చేసినా మొదట వినిపించే మాట ఇదే. ఫిర్యాదు నాది, ఫోన్ నాది, కనెక్షన్ కూడా నా పేరు మీదే. అయినా వాళ్ళకు సారు కావాలి. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలకు ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది మా అత్తమ్మ, నేను.

ఒకసారి విసుగొచ్చి ఆ ఫోన్లోనే మా ఆయన్ని కూడా కలిపాను. వాళ్ళు "నమస్కారం సార్" అంటూ ఎంతో గౌరవంగా మొదలుపెట్టారు. ఆయన కాసేపు విని, "నాకేం ఎర్క లేదండీ. గదంత మా ఇంట్ల ఆమెనే చూసుకుంటది, ఆమెనే అడుగుండ్రి" అన్నాడు. అవతలి మనిషి, "సరే సార్, మేడంకి మీరే కొంచెం అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి చాలా చిన్నది. ఇంట్లో వైఫైకి కలిపిన ప్రతి వస్తువుకూ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. కంపెనీ వాళ్ళు డాబా మీద సోలార్ పలకలు బిగించిన రోజున, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ నంబరును నా ఫోన్లోని యాప్‌లో ఎక్కించి పోయారు. యాప్ ఎప్పుడూ ఆ నంబరు దగ్గరే ఇన్వర్టర్‌ను వెతుకుతుంది. మా దగ్గర కరెంటు పోవడం, రావడం మామూలే. పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ ఇన్వర్టర్‌కు ఇంకో నంబరు ఇచ్చేది. యాప్ మాత్రం పాత నంబరు దగ్గరే వెతికి, ఎవరూ పలకడం లేదని ఆఫ్‌లైన్ చూపించేది. మా ఇన్వర్టర్ మీద చదువుకోవడానికి తెర కూడా లేదు, ఒక చిన్న దీపం తప్ప. ఎంత కరెంటు తయారవుతుందో, అన్నీ యాప్‌లోనే చూసుకోవాలట.

కంపెనీ వాళ్ళు అది ఇంటర్నెట్ వాళ్ళ తప్పన్నారు. ఇంటర్నెట్ కేబుల్ వేసిన అతన్ని పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, "మా బాక్సు మంచిగనే ఉన్నదక్కా. నీ ఫోన్ల సినిమాలు వస్తున్నయా లేదా? వస్తున్నయ్ కదా. మరి గిది ఇన్వర్టరోళ్ల పని" అని బండెక్కి పోయాడు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, చివరకు యాప్ చూడటమే మానేశాను. ఎట్లాగూ ఆఫ్‌లైన్ అనే ఉంటుంది కదా.

అట్లా వదిలేసిన రోజుల్లోనే డాబా మీద కోతులు పడ్డాయి. మాకు తెలియలేదు. ఒక పొద్దున అత్తమ్మ మిరపకాయలు ఆరబోయడానికి పైకి వెళ్ళి కేకేసింది.

"బిడ్డా, గీ నల్ల తీగ ఊడి ఏలాడుతుందేందే? లోపటికి నూకాల్నా?"

నేను చేతిలో పిండితోనే మెట్లెక్కి పరుగెత్తాను. "అత్తమ్మా, ముట్టకు! చెయ్యి ఎనకకు తీయి!"

పలకల మీద ఎండ పడుతున్నంతసేపూ ఆ తీగలో కరెంటు ఉంటుంది. ఆమె చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ తీగ జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. ఆమె మాత్రం, "నేనేం ముట్టలేదు, నువ్వే పరేషాన్ అయితున్నవ్" అంటూ నాకే మంచినీళ్ళు ఇచ్చింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ కలిపాడు. తీగ చివర పట్టిన దుమ్ము చూసి, కోతులు లాగి చాలా రోజులై ఉంటుందన్నాడు. అంటే అన్ని రోజుల ఎండ వృథా అయినట్టే. యాప్ సరిగా ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆ మాటే కంపెనీకి చెబితే వచ్చిన జవాబు: "యాప్ చూసుకుంటూ ఉండాలి కదా మేడం!" సాయంత్రానికి మెసేజ్ కూడా వచ్చింది. వినియోగదారుని ఇంటి నెట్‌వర్క్ లోపమట, ఫిర్యాదు మూసేశారట. మా అత్తమ్మ ప్రాణం మీదికి వచ్చిన విషయం వాళ్ళ లెక్కలో ఎక్కడా లేదు.

మళ్ళీ ఫిర్యాదు పెట్టాను, ఎవరూ రాలేదు. ఇక ఎవరినీ అడగదలచుకోలేదు. సెలవు రోజున రౌటర్ సెట్టింగులు తెరిచి కూర్చున్నాను. ఒక వస్తువుకు ఎప్పటికీ ఒకే నంబరు ఇవ్వమని రౌటర్‌కు చెప్పవచ్చని వీడియోల్లో చూసి నేర్చుకున్నాను. ఇన్వర్టర్‌కు అట్లాగే యాప్‌లో ఉన్న నంబరునే కేటాయించాను. యాప్ పలికింది. సంతోషంగా అత్తమ్మకు చూపించాను కూడా. మళ్ళీ కరెంటు పోయి వచ్చేసరికి మామూలే, ఆఫ్‌లైన్.

ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఈసారి రౌటర్‌లో చూస్తే ఇన్వర్టర్ పేరే లేదు. దాని మీది దీపం చూస్తే వైఫైకి తగులుకునే ఉంది, నంబరు మాత్రం ఈ రౌటర్ ఇవ్వలేదు. మరి ఎవరిచ్చారు? అప్పుడు గుర్తొచ్చింది, పైన మెట్ల గదిలో ఇంకో బాక్సు ఉంది. డాబా దాకా సిగ్నల్ అందడం లేదని కేబుల్ అతనే పెట్టి పోయాడు. దాని సెట్టింగులు తెరిచి చూస్తే అదీ నంబర్లు పంచుతోంది! కరెంటు వచ్చినప్పుడు రెండింటిలో ఏది ముందు పలికితే దాని నంబరే ఇన్వర్టర్ తీసుకుంటోంది. పై బాక్సుకు సిగ్నల్ అందించే పని మాత్రమే ఉంచి, నంబర్లు పంచడం ఆపేశాను. మెయిన్ స్విచ్ ఆపి వేసి చూశాను. యాప్ పలికింది. మళ్ళీ ఆపి వేశాను. మళ్ళీ పలికింది. అత్తమ్మ కింది నుంచి "ఆ కరెంటుతోని ఆటలేందే?" అని అరిచింది.

ఇది జరిగిన కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఇంకో మెసేజ్. 'మీ సమస్యను మా సాంకేతిక సిబ్బంది పరిష్కరించారు. మా సేవకు మార్కులు ఇవ్వండి.'

వెంటనే ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. నేను బడిలో మాట్లాడే భాష వదిలేసి మా ఇంటి భాషలో అందుకున్నాను.

"ఎవ్వలు పరిష్కరించిండ్రమ్మా? మీ మనిషి మా గడప తొక్కిండా? పని నేను చేసుకుంటి. మీరు చేసినమని ఎట్ల రాసుకుంటరు?"

ఆమె గొంతు తగ్గించి, "అక్కా, మాది మానుకోట దిక్కే. మీరన్నది నిజమే. కానీ గట్ల రాస్తెనే కేసు మూసినట్టు. వేరేది రాస్తమంటే గీ కంప్యూటర్ల తావే లేదు" అంది.

ఆ పిల్లను ఇంకేమీ అనలేకపోయాను. "నిన్నేమనను బిడ్డా, ఫోన్ మీ పెద్ద సారుకు ఇయ్యి" అన్నాను. లైన్లో సంగీతం మొదలైంది. అన్నం ఉడికి, గంజి వంచేదాకా అది మోగుతూనే ఉంది. తర్వాత ఫోన్ కట్ అయింది.

మార్కులు అడిగిన ఆ మెసేజ్‌కు సున్నా పెట్టి పంపాను. ధన్యవాదాలు అని జవాబొచ్చింది.