కుళాయి కింద తడిపిన చొక్కా

డ్రైవింగ్ స్కూల్లో ఆయనకి ముందొక పేరు, వెనకొక పేరు ఉండేవి. ముందు పిలిచేది మాస్టారూ అని. వెనక పిలిచేది డబుల్ సీటు అని. రెండో పేరు తన చెవిన పడనట్టే ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు ఆయన. పడకేం! నేర్పే కారు చూస్తే అగ్గిపెట్టెంత. ఆయన ఎక్కగానే అది ఒక పక్కకి ఒరిగేది. సీటు బెల్టు ఎంత లాగినా కొక్కెం అందేది కాదు. ఎక్కిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం బెల్టు పెట్టుకోవడమే కదా, అందుకని తన బెల్టును ఉత్తినే పొట్ట మీదుగా లాక్కుని, చివర కనబడకుండా చేత్తో మూసుకుని కూర్చునేవాడు.

ఒకరోజు పాఠం అయ్యాక ఆఫీసు గుమ్మం బయట నీళ్ళు తాగుతుంటే, అప్పుడే కారు దిగిన కాలేజీ అమ్మాయి లోపల ఓనరుతో మాట్లాడడం వినబడింది.

"సార్, నాకు వేరే మాస్టారుని ఇవ్వండి. ఈయన మంచాయనే. కానీ గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి ఆయన తొడకి తగులుతోంది. ఆయన తప్పేం లేదులెండి. చోటు లేదంతే."

ఆ పిల్ల తిట్టి ఉంటే ఆయన ఎదురు తిట్టుకుని ఊరుకునేవాడేమో. తప్పేం లేదులెండి అని వెనకేసుకు రావడంతో తల కొట్టేసినట్టయింది. గ్లాసు చప్పుడు కాకుండా పెట్టేసి, సాయంత్రం దాకా ఎవరి ముఖమూ చూడకుండా పాఠాలు చెప్పాడు. ఇంటికెళ్ళి భార్యకి ఆ మాట చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అన్నాడు. ఆవిడ ఎన్నేళ్ళుగానో పోరుతున్న మాట అది. ఎందుకో ఏమిటో అడక్కుండా చెప్పులేసుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఆయన చేసింది చిన్న పని కాదు. కంచంలో సగం కూరలే. చక్కెర ఇంట్లో కనబడకుండా పోయింది. మొదట వీధి చివరిదాకా నడక, తర్వాత పార్కు చుట్టూ నడక. ఒక తెల్లవారుజామున చుట్టుపక్కల ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఒక దీపస్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరిగెత్తాడు. ఆయాసంతో స్తంభాన్ని కావలించుకుని, ఏదో దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూశాడు. మర్నాడు ఇంకో స్తంభం కలిపాడు. అలా కలుపుకుంటూ పోయి చివరికి పార్కు చుట్టూ ఆగకుండా పరిగెత్తే స్థితికి వచ్చాడు.

మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. ఒంట్లో కొవ్వయితే పోయింది గానీ దాన్ని మోసిన చర్మం ఎక్కడికీ పోలేదు. ఖాళీ సంచిలా పొట్ట మీద వేళ్ళాడేది. పరిగెత్తితే టపటపా కొట్టుకునేది. చొక్కా కింద వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ బిగించి పరిగెత్తేవాడు. లావుగా ఉన్నప్పుడు కూడా లేని అలవాటు ఒకటి కొత్తగా వచ్చింది, తలుపు గడియపెట్టుకుని బట్టలు మార్చుకోవడం.

ఆ ఊళ్ళో పరుగుపందెం జరిగితే అందులో కూడా పాల్గొన్నాడు. చివర్లో వచ్చినవాళ్ళలో ఒకడిగా వచ్చాడనుకోండి, అయినా గీత దాటాడు. కూతురు జనాన్ని ఆపడానికి కట్టిన తాడు మీంచి వంగి "నాన్నా! నాన్నా!" అని గొంతు పోయేలా అరిచింది. ఆయన అక్క అయితే అక్కడే బావురుమంది.

ఆ అక్క గురించి చెప్పాలి. రెండు వీధుల అవతల స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు ఆవిడది. ఒళ్ళు ఒకప్పటి తమ్ముడికి ఏమాత్రం తీసిపోదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బడికి వెళ్తుంటే తోటి పిల్లలు "రెండు బస్తాలు వస్తున్నాయి, దారివ్వండి" అనేవాళ్ళు. అప్పుడు తమ్ముడి ముందు నిలబడి వాళ్ళ మీదికి రాయి ఎత్తింది ఆవిడే.

"మన ఇంటా వంటా లేని పని చేశావురా!" అని పందెం దగ్గర తమ్ముడి చెమట ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అది మొదలు షాపుకి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి తల్లికీ టేపు మెడలో వేసుకుని ఆ కథ చెప్పేది. ఇటు ఓనరు కూడా ఆయన పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి డ్రైవింగ్ స్కూలు అద్దానికి అంటించాడు. "ఇది మీరేనా మాస్టారూ!" అని అడగనివాళ్ళు లేరు. అందరూ కలిసి ఆయన్ని మునగచెట్టు చిటారుకొమ్మకి ఎక్కించారు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. కొన్నాళ్ళకి చూసేవాళ్ళకి అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన మామూలు మనిషి. బరువు చూసుకునే మిషను మీద ముల్లు కూడా ఒకచోట నాటుకుపోయి కదలనంది. మొదట్లో ఆయన్ని పక్క మీంచి లేపింది అవమానం. తర్వాత లేపింది మెప్పు. ఆ రెండూ పోయాక మిగిలింది అలారం. దాన్ని నొక్కెయ్యడానికి ఒక్క వేలు చాలు. అయినా లేచేవాడు. లేవకపోతే ఆరంభశూరత్వం అంటారేమోనని లేచేవాడు.

ఒకరోజు సగం దారిలో వాన పట్టుకుంది. పార్కు పక్కనున్న బస్సు షెల్టర్లో కూర్చున్నాడు. వాన తగ్గింది గాని ఆయన లేవలేదు. రోజూ పరిగెత్తే వేళంతా అక్కడే కూర్చుని, మళ్ళీ మొదలైన జల్లులో తడుస్తూ ఇంటికొచ్చాడు.

"ఈ వానలో కూడా పరిగెత్తారా!" అంటూ భార్య తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చింది.

"ఆఁ" అన్నాడు.

ఆ ఆఁ తోనే మొదలైంది. మర్నాడు వాన లేదు. షెల్టరు ఉంది. షెల్టరు వెనకాల మొక్కలకి నీళ్ళు పెట్టే కుళాయి ఉంది. చెమట మెడ కింద ఎంత పడుతుందో, చంకల్లో ఎంత, వీపు మధ్య ఎంత, కష్టపడి తెచ్చుకున్న జ్ఞానం కదా, ఆ లెక్కనే దోసిలితో నీళ్ళు చొక్కా మీదికెక్కించాడు. వీధి మలుపు నుంచి ఇంటిదాకా నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం కూడా వచ్చేసేది. రోజూ ఆ కుళాయి దగ్గర వంగినప్పుడు తన మీద తనకే రోత పుట్టేది. రేపటి నుంచి నిజంగా పరిగెత్తాలి అనుకునేవాడు. ఆ రేపు మూడు నెలలు సాగింది. ప్యాంట్లు బిగుతవుతుంటే తప్పు ఇస్త్రీవాడి మీద పెట్టాడు.

ఒక ఉదయం కుళాయి తిప్పి మెడ తడుపుకుంటుంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

"ఒరేయ్! నువ్వేనా?"

అక్క. పార్కు ఇనుప కంచె పట్టుకుని, ఎగపోస్తూ నిలబడి ఉంది. కాళ్ళకి మెరిసిపోయే కొత్త బూట్లు, అవీ మగవాళ్ళవి. ఆడవాళ్ళ సైజుల్లో ఆవిడ పాదం పట్టలేదు కాబోలు.

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయనకి. "నువ్వేంటక్కా ఇంత పొద్దున్నే?"

"నడుస్తున్నానురా. నెల కావొస్తోంది. ఇన్నాళ్ళూ మా వీధిలోనే, పార్కు దాకా రావడం ఇవాళే. ఎవరికీ చెప్పకు."

"నాకెందుకు చెప్పలేదూ?"

"చెప్పి, మధ్యలో మానేస్తే? నీ ముందు ముఖం ఎక్కడ పెట్టుకోను?" అంటూ దగ్గరకొచ్చి, మెడలో తువ్వాలుతో ఆయన వీపు తుడవడం మొదలుపెట్టింది. "ఎంత చెమటరా నాయనా! తువ్వాలు పిండితే కారేలా ఉంది. ఊరికే తగ్గుతుందా అంత ఒళ్ళు!"

చిన్నపిల్లాడికి స్నానం చేయించినట్టు ఆవిడ తుడుస్తూనే ఉంది.

"అలిసిపోయావా? అలవకపోతే నా కోసం ఇంకొక్క చుట్టు పరిగెత్తరా. నీ వీపు చూస్తూ వెనకాల నడుస్తాను. ఎదురుగా ఒక మనిషుంటే కాళ్ళు వాటంతటవే పడతాయి."

వద్దనడానికి వంద సాకులున్నాయి. అయినా పరిగెత్తాడు. మొదటి మలుపు దాకా ఒళ్ళు పాత వాటం గుర్తు తెచ్చుకున్నట్టే అనిపించింది. రెండో మలుపులో డొక్కలో కత్తి దిగినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కంచె పట్టుకుని వంగిపోయాడు. కాసేపటికి బూట్లు ఈడ్చుకుంటూ అక్క చేరుకుంది.

"ఏమైందిరా? గుండెనా? గుండెల్లో నొప్పా?" ఆవిడ కేకలకి పాలప్యాకెట్లు పట్టుకెళ్ళే ఒకాయన ఆగాడు. "బాబూ, కాస్త అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి! మా తమ్ముడు!"

పాలప్యాకెట్ల ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"వద్దండీ, వద్దు" అన్నాడు మాస్టారు వంగినవాడు వంగినట్టే. "గుండె కాదక్కా. నేను పరిగెత్తడం మానేసి మూడు నెలలైంది. అందుకే."

"మానెయ్యడమేంటి? మరి ఆ చెమట?"

ఆయన కుళాయి వైపు చూశాడు. కంగారులో తను కట్టెయ్యడం మరిచిపోయాడు, అది ఇంకా కారుతూనే ఉంది. అక్క అటు చూసింది, తన చేతిలో తడి తువ్వాలు చూసుకుంది. పాలప్యాకెట్ల ఆయన ఫోను జేబులో పెట్టుకుని, ఇక తనకిక్కడ పనిలేదన్నట్టు మెల్లిగా కదిలాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. కంచె కింది పిట్టగోడ మీద మెల్లిగా కూలబడింది.

"షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ నీ గురించి చెప్పానురా" అంది. అంతే. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఆయన చెయ్యి అందించబోతే పట్టుకోకుండా, ఇంటి దారి పట్టింది.

ఇంటికెళ్ళేసరికి భార్య బకెట్లో బట్టలు నానేస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, బూట్లు కూడా విప్పకుండా, అంతా చెప్పేశాడు. ఆవిడ చేతికంటిన నురగ దులుపుకుంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీ చొక్కాలు ఉతికేదెవరు? చెమట చొక్కాకీ నీళ్ళ చొక్కాకీ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళు కాపురం చేశాననుకున్నారా?"

"మరి అడగలేదే?"

"అడిగితే రేపట్నించి గడప కూడా దాటరని. కనీసం లేచి బయటికెళ్తున్నారు కదా అని సరిపెట్టుకున్నాను. నాకూ సిగ్గేసిందండీ, ఎలా అడగను? నీళ్ళు చల్లుకుని వచ్చారా అని మొగుణ్ణి అడుగుతారా ఎవరైనా?"

రోజూ ఎంత దూరం పరిగెత్తారు అని అడిగే మనిషి ఆ ప్రశ్న మానేసి చాలా కాలమైందని ఆయనకి అప్పుడు తట్టింది. తనేమో అబద్ధం చక్కగా అతికిందని మురిసిపోతూ వచ్చాడు. ఆ పూట ఆయన స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయాడు.

స్కూలుకెళ్ళి ఓనరుతో ఆ ఫొటోలు తీసేద్దామండీ అన్నాడు. "ఎందుకు మాస్టారూ? మీరు తగ్గింది అబద్ధమా?" అన్నాడు ఓనరు ఫైళ్ళలోంచి తలెత్తకుండా. అబద్ధం కాదు. నిజమని చెప్పుకుందామంటే నోరు రావడం లేదు. ఆ ఫొటోలు అక్కడే ఉండిపోయాయి.

అక్క ఫోన్ చెయ్యలేదు. రెండ్రోజులు చూసి షాపుకి వెళ్ళాడు. ఆవిడ కాలరు కుడుతోంది. ఎదురుగా ఒకామె కొడుకు చొక్కా కోసం నిలబడి ఉంది. ఇంతకుముందైతే ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే మిషను ఆగిపోయేది, "ఇదిగో, వీడే మా తమ్ముడు" అనేది. ఇవాళ మిషను ఆగలేదు. ఆయన బట్టల కట్టల పక్కన, బాకీ అడగడానికొచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు. ఆమె చొక్కా తీసుకుని వెళ్ళాక అడిగాడు.

"నడకకి వెళ్తున్నావా అక్కా?"

"నిన్న వెళ్ళలేదు. ఇవాళా వెళ్ళలేదు."

"నా వల్లేనా?"

"నీ వల్లేనంటే నువ్వు మళ్ళీ గొప్పవాడివైపోతావు. మోకాలు నొప్పి." దారం పళ్ళతో తెంపింది. "కొంచెం నీ వల్లే."

"రేపు వస్తావా? నేనూ నడుస్తాను. పరిగెత్తడం నా వల్ల కావడం లేదు."

"వస్తే వస్తాను. నీ కోసం మాత్రం రాను."

మర్నాడు ఆవిడ రాలేదు. ఆయన ఒక్కడే నడిచాడు. పార్కు దగ్గర రోజూ పరిగెత్తే గుంపు ఎదురైంది. అందులో ఒకాయన వేగం తగ్గించి "ఏం మాస్టారూ, ఈ మధ్య కనబడ్డం లేదు, రూటు మార్చారా?" అన్నాడు. అవునంటే సరిపోయేది. అడిగినాయనే జవాబు కూడా చేతికిచ్చాడు.

"లేదండీ, మానేశాను. మళ్ళీ మొదలెడుతున్నాను" అన్నాడు. చెవులు కాలిపోయాయి. అవతలాయన "ఓహో" అని సాగిపోయాడు. అడిగినాయనకి అదేం పెద్ద విషయమే కాదు.

అక్క నాలుగో రోజు వచ్చింది, మోకాలికి పట్టీ కట్టుకుని, దారంతా మోకాలినే తిడుతూ. ఆవిడ నడుస్తుంటే ఆయన ఒక స్తంభం దాకా పరిగెత్తి మళ్ళీ ఆవిడ దగ్గరికి వచ్చేవాడు. "గొలుసు విప్పిన కుక్కపిల్లలా ఆ తిరుగుళ్ళేంట్రా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది. షాపులో మాత్రం తమ్ముడి కథ మళ్ళీ ఎత్తలేదు. ఆయనా ఎత్తమనలేదు.

పెరిగిన బరువులో కొంత పోయింది, కొంత ఉండిపోయింది. ఇప్పటికీ వారంలో ఒకటి రెండు పొద్దులు ఆయనకి లేవబుద్ధి కాదు. అలాంటి రోజున అక్కే వచ్చి వీధిగుమ్మం మెట్టు మీద కూర్చుంటుంది.

"లోపలికి రండి వదినా" అంటుంది భార్య. "ఆయన బూట్ల తాళ్ళు కట్టుకునేసరికి తెల్లారిపోతుంది."

"నేను లోపలికొస్తే నేనూ లేవనమ్మా. ఇక్కడే బాగుంది. వాణ్ణి తొందరపెట్టకు, కానీ వినబడేలా మాట్లాడు."

ఇద్దరి మాటలూ ఆయనకి వినబడుతూనే ఉంటాయి. మంచం అంచున కూర్చుని, సిగ్గుతో తల వంచుకుని, తాళ్ళు కట్టుకుంటాడు.