పళ్లెంలో డిస్కు

పటమటలోని ఆ విత్తనాల కంపెనీలో సర్వర్ బాగోగులు మణికుమార్‌వి. సమాచారమంతా రెండు డిస్కుల్లోనూ ఒకేలా పడేట్టు లినక్సులో జత కట్టాడు. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. స్పేరుగా మూడోది కావాలని మూడేళ్లు అడిగాడు.

"రెండోదే దండగ. మళ్లీ మూడోది దేనికయ్యా?" అనేవారు యజమాని బసవపున్నయ్య గారు.

2005 దసరాకి ఆయుధపూజ. సర్వర్ పెట్టెకు బొట్టు పెడితే చాలదట, లోపలి డిస్కుకే పెట్టాలట, యజమాని గారి పట్టు. నడుస్తున్న డిస్కును జతలోంచి తీయాలంటే ముందు అది చెడిపోయిందని కమాండు కొట్టాలి. మణికుమార్ నిక్షేపంలాంటి డిస్కు మీద ఆ అబద్ధం కొట్టి, ఊడదీసి పళ్లెంలో పెట్టాడు. హారతి సగంలో ఉండగా సర్వర్‌లో మిగిలిన డిస్కు నిజంగానే చెడిపోయింది.

కుంకుమ తుడిచి, పళ్లెంలోని డిస్కును మళ్లీ బిగించి మణికుమార్ నాలుగు కమాండ్లు కొడితే కంపెనీ లేచి కూర్చుంది.

"చూశావా, అంతా అమ్మవారి దయ," అన్నారు బసవపున్నయ్య గారు.

మర్నాడే రెండు కొత్త డిస్కులు తెప్పించారు. ఒకటి పోయినదాని స్థానంలోకి వెళ్లింది. మణికుమార్ మూడేళ్లు అడిగిన మూడోది పూజగదిలో ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే తలస్నానం చేసి రావాలి.