దుల్కీ తప్పిన గుర్రం

మొన్న మదీనాగూడ దగ్గర ఒక బరాత్ అడ్డొచ్చి మా కారు ఆగిపోయింది. కోడలు హారన్ మీద చెయ్యి వేయబోతుంటే వద్దని అద్దం దించాను. పెళ్ళికొడుకు ఎక్కిన తెల్లగుర్రం వాసన లోపలికి వచ్చేసరికి నాకు మా నాయన, ఆయన గుర్రపుబండి గుర్తొచ్చారు.

మా చందానగర్ పల్లెగా ఉన్న రోజులవి. ఏటా ఎండాకాలంలో చుట్టుపక్కల గుర్రపుబండ్లవాళ్ళంతా కలిసి పందెం పెట్టుకునేవారు. గుర్రం దుల్కీ నడకలోనే, అంటే సమంగా అడుగులేస్తూనే సాగాలి, దౌడు తీసిందో బండి పందెంలోంచి తప్పుకోవాలి. ఏటా గెలిచేది కోస్తా నుంచి వచ్చి మా ఊళ్ళో ద్రాక్షతోట వేసుకున్న ఒక పెద్దాయన, ఆయన వెనకాలే రెండో బండి మా నాయనది.

తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్ళన్నీ కదిలిన ఏడాది నేను పదో తరగతిలో ఉన్నాను. బడులు మూతబడ్డాయి. పట్నంలో చదువు ఆపి వచ్చిన మా చిన్నాయన, తోటాయనను ఈసారి పందేనికి రానియ్యొద్దని పట్టుబట్టాడు. ఆ మాట చెవిన పడిందేమో, తాను రావడం లేదని ఆయనే కబురు పంపాడు. మా నాయన ఆ పొద్దున అన్నం కూడా తినకుండా నన్ను వెంటబెట్టుకుని తోటకు నడిచాడు.

"నువ్వు లేకుంటే నేను గెలిచి ఏం ఫాయిద అన్నా?" అన్నాడు.

"నా మూలంగా మీ ఇంట్లో గొడవ ఎందుకండీ?" అన్నాడాయన.

"మా తమ్ముని సంగతి నేను జూస్కుంట. ఇగ బండి కట్టు."

పందెం రోజునే బంద్ వచ్చింది. బొంబాయి రోడ్డు మీద లారీ అన్నది లేదు, ఎప్పుడూ దుమ్ములో పరుగెత్తే బండ్లు ఆ ఒక్కసారి తారురోడ్డెక్కాయి. ఆ నున్నటి రోడ్డు మీద గిట్టల చప్పుడు ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. సగం దూరం దాటాక మా నాయన ముందుకొచ్చాడు, మేమంతా గట్టిగా కేకలేశాం. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఊరేగింపుతో వస్తున్న చిన్నాయన, అన్న గెలుస్తున్నాడన్న సంబరంలో గొంతు చించుకుని "జై తెలంగాణ!" అన్నాడు, వెనకున్న వందమందీ అందుకున్నారు. మా గుర్రం బెదిరి దౌడు తీసింది. ఎవరూ అడగకముందే మా నాయన చెయ్యెత్తి, పగ్గాలు బిగబట్టి బండిని పక్కకు తీశాడు. తోటాయన గుర్రం తలైనా తిప్పకుండా దుల్కీలోనే వెళ్ళి గెలిచింది.

చిన్నాయన ముఖం చూసి ముందు నవ్వింది మా నాయనే, ఆ తర్వాత ఊరేగింపంతా నవ్వింది. తోటాయన దిగివచ్చి మా గుర్రం మెడ నిమురుతూ, "మీ తమ్ముడుగారి దయండీ" అంటే చిన్నాయనకు కూడా నవ్వాగలేదు. పిలిచి మరీ ఓడివచ్చాడని మా అమ్మ మాత్రం వారం రోజులు సాధించింది.

ఇప్పుడు ఆ తోట ఉన్నచోట అపార్టుమెంట్లు, అందులో ఒకదాంట్లో మేమే ఉంటున్నాం. తనను ఏటా ఓడించే మనిషి రాకపోతే పండుగే కాదని మా నాయన అంత దూరం నడిచి వెళ్ళాడు. నేను మాత్రం ఎదురింటి వాళ్ళు వచ్చి మూడేళ్ళయినా ఇప్పటిదాకా వాళ్ళ తలుపు తట్టలేదు.