చెరిపేసిన హెచ్చరిక

జూలై పదకొండు, మంగళవారం. ఉదయం నుంచి ముసురు. ఆనాడు శస్త్రచికిత్సలకు రావలసిన రోగుల్లో ఒక్కరూ ఆసుపత్రికి రాలేదు. అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆమెను అందరూ జాగ్రత్తక్క అనేవారు. తెరమీది ప్రతి వరుసనూ పెదవులు కదుపుతూ చదివేది. ఏ వాక్యం రాసినా చివర చుక్క పెట్టేది. (ఈ రోజుల్లో చుక్క పెట్టేవారెందరు! సరే, అది వేరే సంగతి.) పాత ప్రోగ్రాము రోగుల పేర్లను ఇటరేటర్ అనే భాగం ద్వారా ఒక్కొక్కటిగా అందించేది. ప్రతి పేరుకూ అదే పనిని మళ్ళీ మళ్ళీ చేసే కొత్త లూపు దాన్ని నేరుగా స్వీకరించదు గనుక, ఆమె రెంటి నడుమ చిన్న అడాప్టర్ రాసింది. చివరికి చేరిన ఇటరేటర్ మళ్ళీ మొదటికి రాదు, అందుకే "ఒక్క లూపులోనే వాడండి." అని పైన హెచ్చరించింది. ఆమె తమ్ముడిలా చూసుకునే పక్క కుర్చీ సహోద్యోగి ఆ వాక్యాన్ని చెరిపేశాడు. మొదటి లూపులో పేర్లు లెక్కించి, రెండో లూపుతో రోగులకు రమ్మని కబురు పంపబోయాడు. రెండోదానికి ఒక్క పేరూ మిగల్లేదు, కబురు ఎవరికీ వెళ్ళలేదు.

"అది అక్క రాసిందండీ, నేను వాడానంతే," అన్నాడతను మేనేజరు గదిలో.

"పైన నేను రాసిన హెచ్చరిక ఏది తమ్ముడూ?"

"ఏ హెచ్చరికక్కా? కలగన్నావేమో!"

మేనేజరు నవ్వాడు. పాత ప్రతులు దాచే అలవాటు ఆ కార్యాలయానికి లేదు. ఆమె పెదవులు కదపకుండా తమ్ముడి ముఖాన్ని చదివింది. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

ఎనిమిదేళ్ళకు ఆమె, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన నాకు రాసిన ఉత్తరమిది: "మాస్టారూ, వేరేచోట పనిచేస్తున్నాను, బాగానే ఉన్నాను. మొన్న బజారులో అతను ఎదురై, 'అక్కా, బాగున్నావా?' అన్నాడు. నేను ఆగలేదు. కూరగాయల సంచీ కొట్టుదగ్గరే వదిలేశానని ఇంటికొచ్చాక తెలిసింది."