ప్రార్థన చేస్తాలే

దర్జీ అక్క నోట్లో గుండుసూదులున్నా స్తోత్రాలు గొణుగుతూనే ఉంటుంది. కష్టం చెప్పుకున్న ప్రతివాళ్లకీ, మిషన్ తొక్కుతూనే, "ప్రార్థన చేస్తాలే" అంటుంది. ఆ మాట ఆమెకు ఊతపదమైపోయింది. రాత్రి నడుం వాల్చడమే తడవు, నిద్ర ముంచుకొస్తుంది.

ఒకరోజు ఇస్త్రీ ఆవిడ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "మా ఆయనకి ఆపరేషన్ గండం గడిచింది వదినా. నువ్వు ప్రార్థిస్తున్నావన్న ధైర్యంతోనే నిలబడ్డాను." మిషన్ మీద కాలు ఆగిపోయింది. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది, కానీ మనసొప్పలేదు. "నేను చెయ్యలేదు వదినా. మాటిచ్చి మర్చిపోయాను." ఇస్త్రీ ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. "ఆయనింకా లేచి నడవలేదు. ఇప్పుడు చెయ్యి" అంది. దర్జీ అక్క గుడ్డపేలికల మధ్య మోకరించింది. "ప్రభువా" అని ఆగిపోయింది. సిగ్గుతో తలెత్తకుండానే అడిగింది: "అన్నయ్య పేరేంటి వదినా?"