ఆ ఒక్క ‘అంట’

మొన్న భీమవరంలో ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఫోన్లో "వాళ్ళు చెరువు అమ్మేశారంట" అంది. ఎవరి చెరువో నాకు తెలియదు గానీ, ఆ చివరి ‘అంట’ దగ్గరే నా చెవి ఆగిపోయింది. గోదావరి జిల్లాల వాళ్ళకి ‘అంట’ లేకపోతే సగం కబుర్లు ఉండవు. నాకు మాత్రం ఆ మాట వింటే భయం.

నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. రాజుల్నీ యుద్ధాల్నీ బట్టీ పట్టిస్తే, రేపు ఓటడగడానికి వచ్చినవాడు ఏం చెప్పినా ఈ పిల్లలు తలూపుతారని నా బెంగ. అందుకని కళ్ళారా చూడనిదానికీ, ఋజువు చూపించలేనిదానికీ చివర ‘అంట’ తగిలించాలని క్లాసులో నియమం పెట్టాను. వాళ్ళకదో ఆటైపోయింది. తాతగార్ల పులివేట కథలన్నీ ‘అంట’లోకి వెళ్ళిపోయాయి. "మీ పిల్లలు రెండు రెళ్ళు నాలుగంట అంటున్నారండీ" అని లెక్కల మాస్టారు వాపోయారు. ఆ ఏడే మా ఆయన రొయ్యల చెరువు తెల్లమచ్చ తెగులుకి పోయింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఇదెందుకు చెబుతున్నానంటే, వార్షికోత్సవం నాడు నా గుండె ఎందుకు జారిపోయిందో మీకు తెలియాలి.

స్టేజీ మీద స్కూలు యజమాని, మా కరస్పాండెంటు గారు, దండతో కూర్చున్నారు. ఆ స్థలం వాళ్ళ తాతగారి దానమని గేటు దగ్గర రాతిపలక ఉంది. కాదు, ఒకప్పుడది ఊరందరి పశువులూ మేసిన బీడని ముసలివాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఏది నిజమో నాకు తెలియదు. ఎనిమిదో తరగతి పిల్ల మైకు పట్టుకుని, "ఈ స్థలం మన కరస్పాండెంటు గారి తాతగారు దానం చేశారంటండి" అంది. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"అంట ఏంటమ్మా? ఎవరు నేర్పారు?"

"సోషల్ మేడం గారండి. చూడనిది చూసినట్టు చెప్పకూడదన్నారండి. మీరు చూశారాండి?"

నేను షామియానా గుంజ పట్టుకున్నాను. ఉద్యోగం పోయింది, ఇంటికెళ్ళి మా ఆయనకేం చెప్పాలి అన్నది తప్ప ఇంకో ఆలోచన లేదు. కరస్పాండెంటు గారు ఆ పిల్లకేసి చూసి, "లేదమ్మా. మా నాన్నగారు చెప్పారు" అన్నారు. తర్వాత నన్నెవరూ పిలవలేదు. పిలిచి తిట్టినా బాగుండేది, ఆ పిలవకపోవడమే నన్ను తినేసింది. ఇప్పటికీ అటెండరు క్లాసు గుమ్మంలో కనబడితే, ఆయన పిలుపు తెచ్చాడేమోనని పాఠం మధ్యలో ఆపేస్తాను. అయినా "ఎవరు చెప్పారు, ఎలా తెలుసు" అని పిల్లలచేత అడిగించడం మానలేదు. మానితే ఆ పిల్ల మొహం చూడలేను. గడిచిపోయిన కాలం గడిచిపోయిందనే అనుకునేదాన్ని, దాని గురించి ఒక పిల్ల అడిగితే నా ఉద్యోగం పోతుందని భయపడేదాకా.